తావ్చే గ్రావ్చే, మూడవ పాఠం: ఎర్రటి తాలింపు, మట్టిపాత్ర

తావ్చే గ్రావ్చే అంటే తెల్ల చిక్కుడు గింజలను మట్టిపాత్రలో ఓవెన్‌లో పెట్టి చేసే మెసిడోనియా వంట. గత పాఠంలో ఆ గింజలను ఉడికించడం వరకు వచ్చి ఆగాము. ఈసారి నేరుగా ఓవెన్ దగ్గరకు వెళ్దామనుకున్నాను గాని, మీ ప్రయత్నాల సంగతి తెలిశాక మళ్లీ గిన్నె దగ్గరికి రాక తప్పలేదు. కొందరి గింజలు మెదిగి పప్పయిపోయాయి. కొందరివి పూట గడిచినా పలుకు వదలలేదు.

మెదిగిన వారందరూ వాడింది ప్రెషర్ కుక్కరే, అదీ కందిపప్పుకు అలవాటైన నాలుగైదు విజిళ్లతో. ఉత్తర మెసిడోనియాలో ఈ వంటకు పేరుపడ్డవి షార్ పర్వతం కింద ఉన్న తెతోవో పట్టణపు గింజలు. అక్కడివారు ఈ వంటను మెచ్చుకునేది గింజ పూర్తిగా మెత్తబడి కూడా విడిగా నిలిచినప్పుడే. కుక్కరే వాడతానంటే, ఒక్క విజిల్ రాగానే మంట ఆపి, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగండి. గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే లోపలి నీరు ఒక్కసారిగా పొంగి తొక్కలు చిట్లుతాయి. నా ఓటు మాత్రం మందపాటి గిన్నెకు, సన్నని మంటకు. విదేశాల్లో స్లో కుక్కర్ వాడేవారు నానిన గింజలను ముందుగా పొయ్యి మీద కనీసం 10 నిమిషాలు తెర్లించి తీరాలి, ఎందుకంటే ఈ జాతి గింజల్లో కడుపును పాడుచేసే ఒక పదార్థం ఉంటుంది, అది తక్కువ వేడికి నశించదు.

పలుకు వదలకపోవడానికి కారణాలు వేరు. టమాటాలో, చింతపండులో ఉండే పులుపు గింజ గోడలను గట్టిగానే ఉంచుతుంది, కనుక ఉడికేటప్పుడు అవి గిన్నె దరిదాపులకు రాకూడదు. బోరు నీళ్లలోని సున్నం కూడా అదే పని చేస్తుంది. వడపోసిన తాగునీటితో ఉడికించి చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. ఏడాది దాటిన పాత సరుకైతే చిటికెడు వంటసోడా వేయవచ్చు, అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది. మొదటి పొంగు నీటిని పారబోసి, మళ్లీ మరిగే నీళ్లు పోయడం మరచినవారికి వేరే చెప్పను.

ఇక తాలింపు. అక్కడ దీనిని జప్రష్క అంటారు. అర కిలో గింజలకు రెండు పెద్ద ఉల్లిపాయలు, 100 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె, ఒక పెద్ద చెంచా మైదా, ఒక పెద్ద చెంచా తియ్యటి ఎర్రమిరప పొడి కావాలి. ఉల్లిపాయ వేయించడం మీకు నేను నేర్పేది కాదు. రంగు మారక ముందే, బాగా మెత్తబడ్డాక మైదా వేసి పచ్చివాసన పోయేదాకా కలపండి.

ఇక్కడే ఆగండి. మీలో చాలామంది పొడి వేసింది మంట మీదనే. మిరప రంగు నీటిలో కరగదు, నూనెలోనే దిగుతుంది, కనుక పొడిని నూనెలో వేయడం సరైనదే. కాని పొడిలో చక్కెర ఉంటుంది, కాగిన నూనెలో అది క్షణాల్లో నల్లబడి చేదెక్కుతుంది, ఆ చేదును ఉప్పూ కప్పదు, పుదీనా కప్పదు, ఓవెన్ అయితే ఇంకా పెంచుతుంది. కాబట్టి ముందు పొయ్యి కట్టేయండి. బాణలిని బర్నర్ మీద నుంచి పక్కకు దించండి, ఎందుకంటే మంట ఆరినా కింది ఇనుము వేడి వదలదు. నూనెలో బుడగలు అణిగాక పొడి వేసి, రెండు మూడు తిప్పులు తిప్పి, వెంటనే గింజలు ఉడికిన వేడి నీరు ఒక గరిటెడు పోయండి. గరిటెడు నీరు చేతికి అందేలా సిద్ధం చేసుకోకుండా పొడి డబ్బా మూత తీయకండి. గుంటూరు కారం పెద్ద చెంచాడు వేసి కళ్లనీళ్లు పెట్టుకున్నవారు బ్యాడిగి పొడికి మారండి. ఘాటు కావాలంటే పైన దంచిన ఎండుమిర్చి చల్లుకోవచ్చు, అక్కడ దానిని బుకోవెత్స్ అంటారు. ఆవాలు, ఇంగువ వేయవచ్చా అంటే, మంచి కూరే అవుతుంది, కాని తావ్చే గ్రావ్చే మాత్రం కాదు.

ఉప్పు, మిరియాల పొడి, ఎండిన పుదీనా కలిపి, గింజలను, జప్రష్కను మట్టిపాత్రలోకి మార్చండి. నీరు గింజల పై వరుసతో సమానంగా ఉండాలి. తగ్గితే పైన ఎండిపోతుంది, మించితే పులుసవుతుంది. పైన రెండు మూడు ఎండు ఎర్రమిరపకాయలు పరచండి. చల్లని మట్టిపాత్రను కాగిన ఓవెన్‌లో పెడితే పగులుతుంది, కనుక పాత్రను పెట్టిన తరువాతే ఓవెన్ వెలిగించి 200 డిగ్రీలకు తీసుకువెళ్లండి. ఆ వేడి అందాక అరగంట నుంచి నలభై నిమిషాలలో పైన పొర కట్టి, అంచుల్లో ఎర్రనూనె తేలుతుంది. దించిన వెంటనే కాక పావుగంట ఆగి వడ్డిస్తే లోపలి నీరు చిక్కబడుతుంది. మాంసం తినని ఉపవాస దినాల్లో, ముఖ్యంగా శుక్రవారాల్లో, అక్కడి ఇళ్లలో దీనిని రొట్టెతోనూ, మిరపకాయల పచ్చడితోనూ తింటారు.

అభ్యాసం: గింజలు ఇప్పుడే నానబెట్టకండి. ముందు జప్రష్క ఒక్కటే, పావు కొలతలతో, మూడుసార్లు చేయండి: మొదటిసారి పొడిని మంట మీదనే వేయండి, రెండోసారి దించిన మరుక్షణం, మూడోసారి దించి ఇరవై లెక్కపెట్టాక. ప్రతిదానిలోనూ వేడి నీరు పోసి, రొట్టె ముక్కతో విడివిడిగా రుచి చూసి, రంగును, చేదును కాగితం మీద రాసుకోండి. మూడింటికీ తేడా చెప్పలేకపోతే మర్నాడు మళ్లీ చేయండి. తేడా నాలుకకు తెలిశాకే ఆ రాత్రి గింజలు నీళ్లలో వేయండి.