సొంతంగా వాక్య పఠనం – 4వ పాఠం: సిక్లగులో దావీదు, రెండు పడవల మీద కాళ్లు

ఈ వారం నేర్చుకునేది కాస్త కష్టమైన పని. దేవుని పేరు వినబడని చోట ఆయన పనిని ఎలా చదవాలో చూద్దాం. బైబిల్లో 1 సమూయేలు 27, 29, 30 అధ్యాయాలు తీసుకోండి. దావీదు ఫిలిష్తీయుల మధ్య, ఆకీషు రాజు ఇచ్చిన సిక్లగు ఊళ్లో తలదాచుకున్న రోజులివి. 28లో మొదటి రెండు వచనాలు మాత్రం కలపండి. ఒక నోట్‌బుక్, ఎర్ర, నీలం పెన్సిళ్లు, తీరిగ్గా ఒక గంట ఉంటే చాలు.

28లో మిగతాది ఎందుకు వదలాలి? 28:4లో ఫిలిష్తీయులు షూనేములో దిగి ఉన్నారు, 29:1లో ఇంకా ఆఫెకులోనే ఉన్నారు. ఆఫెకు నుంచి బయలుదేరి యెజ్రెయేలుకు వెళ్లింది 29:11లో. అంటే 29వ అధ్యాయం ముందు జరిగింది. ఉన్న వరుసలోనే చదివేస్తే రోజుల లెక్క తప్పుతుంది.

మొదటి పఠనంలో దేవుని పేరు వచ్చిన ప్రతిచోటా ఎర్ర గీత గీయండి. ఆ మాట ఎవరి నోట వచ్చిందో పక్కన రాయండి. 27లో ఒక్క గీతా పడదు. 23వ అధ్యాయంలో కెయీలా అనే ఊరికి వెళ్లే ముందు రెండుసార్లు యెహోవా దగ్గర విచారించిన దావీదు, 27:1లో ఇశ్రాయేలు రాజు సౌలు చేతిలో ఏదో ఒక రోజు చస్తానని తన మనసులోనే అనుకుని, 600 మందితో ఫిలిష్తీయుల గాతు రాజు ఆకీషు దగ్గరికి వెళ్లిపోయాడు. 29లో రెండు గీతలు పడతాయి (6, 9 వచనాలు). రెండూ ఆకీషు మాటలే! యెహోవా జీవం తోడని ఒట్టు పెట్టుకున్నది ఫిలిష్తీయుడు.

రెండో పఠనంలో నీలం పెన్సిల్‌తో దావీదు చేసినదాన్నీ చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టండి. 27:8లో దాడి చేసింది గెషూరీయుల మీద, గెజెరీయుల మీద, అమాలేకీయుల మీద. 27:10లో ఆకీషుకు చెప్పింది యూదా దక్షిణ ప్రాంతమని. ఏడాది నాలుగు నెలలు ఇలాగే గడిచింది. ఇక్కడ చాలామంది దావీదును వెనకేసుకొస్తారు. అలా చేయకండి. ఎవరినీ ప్రాణాలతో వదలకపోవడానికి 27:11 చెప్పే కారణం సంగతి గాతుకు చేరుతుందన్న భయమే. దేవుని ఆజ్ఞ అని అక్కడ లేదు. దేవుడు ఒకరిని తప్పించాడంటే వాళ్లు చేసిందంతా మెచ్చాడని కాదు.

29:8 దగ్గర ఆగండి. "నా యేలినవాడైన రాజు శత్రువులతో" పోరాడకూడదా అని దావీదు ఆకీషును అడుగుతున్నాడు. ఏ రాజు? ఆకీషు తననే అనుకున్నాడు. 24:8లో సౌలును పిలిచింది కూడా ఇదే మాటతో. దావీదు మనసులో ఎవరున్నారో వాక్యం చెప్పదు కాబట్టి మీరూ తేల్చకండి, మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి.

మూడో పఠనం ఒక పాట గురించి. "సౌలు వేలు, దావీదు పదివేలు" అన్న స్త్రీల పాట మూడుచోట్ల వస్తుంది: 18:7, 21:11, 29:5. మూడింటినీ నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాయండి. మొదటిసారి సౌలుకు కన్నుకుట్టింది. రెండోసారి గాతులో దావీదు ప్రాణం మీదికి వచ్చి, గెడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించాల్సి వచ్చింది. మూడోసారి ఫిలిష్తీయ సర్దారులు అదే పాట ఎత్తి, ఇశ్రాయేలుతో జరగబోయే యుద్ధంలో ఇతడు మనకు విరోధి అవుతాడని వెనక్కి పంపించేశారు. తన జనం మీద కత్తి ఎత్తడమో, నమ్మిన ఆకీషుకు ద్రోహం చేయడమో తప్ప దారి లేని చోట, శత్రువుల అనుమానమే తలుపు తీసింది. దావీదు ప్రార్థన చేసినట్టు కూడా లేదు.

ఇప్పుడు సర్దారులు దావీదును వెనక్కి పంపమన్న 29:4ను చేత్తో మూసి, మిగతా కథ చెప్పి చూడండి. మూడో రోజుకు సిక్లగు చేరేవాడే లేడు. అమాలేకీయులు కాల్చిన ఊరు, వాళ్లు చెరపట్టిన భార్యాపిల్లలు అలాగే ఉండిపోయేవారు. 30:11లో పొలంలో దొరికిన ఐగుప్తీయుణ్ణీ ఇలాగే పరీక్షించండి. జబ్బు చేసిందని యజమాని వదిలేసిన ఆ దాసుడు మూడు రాత్రింబగళ్లు తిండీ నీళ్లూ లేక పడి ఉన్నాడు. అంజూరపు అడ (ఎండు అంజూరాల ముద్ద) ముక్క, రెండు ద్రాక్షగెలలు తిన్నాక ప్రాణం లేచివచ్చి, ఆ దోపిడీదారుల దగ్గరికి దారి చూపింది అతనే. ఎర్ర గీతలు మళ్లీ దావీదు వైపు మొదలయ్యేది 30:6లో, సొంత మనుషులే రాళ్లతో కొడదామన్నప్పుడు.

అభ్యాసం: 2 సమూయేలు 15:32–37, 16:15–19, 17:1–14 చదవండి. తండ్రి దావీదు మీద తిరుగుబాటు చేసిన అబ్షాలోము దగ్గర, దావీదు స్నేహితుడు హూషై పలికిన మాటల్లో రెండు అర్థాలున్నవి నీలంతో గుర్తించండి. ఇక్కడ కథకుడు మౌనంగా ఉండడు. అబ్షాలోము సలహాదారు అహీతోపెలు ఆలోచన ఎవరు చెడగొట్టారో ఒక వచనంలో బయటికే చెప్పేస్తాడు. దానికి ఎర్ర గీత గీసి, వచన సంఖ్య రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.