వేపుడు ముద్దయిందా? నూనె ప్యాకెట్ కింద పెట్టి ముందు మూకుడు చూడండి

నలుగురికి వండినప్పుడు చక్కగా కుదిరిన తక్కువ నూనె వంట, పదిహేను మందికి వండేసరికి చెడిపోతుంది. అప్పుడు అందరూ అనే మాట ఒకటే: "నూనె తగ్గిస్తే ఇంతే మరి." కాదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు నూనెది కాదు.

మా ఇంట్లో రెండు మూడు నెలలకోసారి స్నేహితులంతా చేరి, కలిసి వండుకుని తినే ఆదివారం ఒకటి ఉంటుంది. వచ్చేవాళ్ళలో ఇద్దరికి షుగర్. ఒకరికి డాక్టరు నూనె తగ్గించమన్నారు. మిగతావాళ్ళు "వచ్చే నెల నుంచి" తగ్గబోతున్నారు. అందుకని మెనూ తేలిగ్గానే పెట్టుకుంటాం: శనగ గుగ్గిళ్ళు, చిన్న పెసరట్లు, కొర్రల పులిహోర, బెండకాయ వేపుడు, సొరకాయ పెరుగు పచ్చడి, చేపల పులుసు, చివర్లో బొప్పాయి ముక్కలు. ఇవన్నీ మీకు వండటం వచ్చనే అనుకుంటున్నాను. ఎక్కడ తేడా కొడుతుందో, ఎలా సరిచేసుకోవాలో మాత్రమే చెబుతాను.

సమస్య: అన్నీ తేలికపాటి వంటలే, తిన్నాక మాత్రం పెళ్ళి భోజనం చేసినంత బరువు

ముందు ఒక్క పని చేయండి. వంట మొదలుపెట్టే ముందు నూనె ప్యాకెట్‌ను తూచండి. అయ్యాక మళ్ళీ తూచండి. వంటింట్లో కాటా ఉన్నవాళ్ళు కూడా ఈ పని చేయరు, ఎందుకో నాకు అర్థం కాదు. తేడా ఎన్ని గ్రాములో దాన్ని 9తో హెచ్చిస్తే నూనె వల్ల వచ్చిన కేలరీలు తెలిసిపోతాయి. అంతకుమించి లెక్క అక్కర్లేదు.

కలిసి వండే చోట నూనె ఎందుకు పెరుగుతుందంటే, పొయ్యి దగ్గర నలుగురు ఉంటారు కాబట్టి. ఒకరు తాలింపు వేసి కూరలు తరగడానికి వెళ్తారు. ఇంకొకరు వచ్చి చూసి "అయ్యో, పొడిపొడిగా ఉందే" అని ఒక గరిటె పోస్తారు. మూడోవాళ్ళు అడుగంటుతుందేమోనని ఇంకాస్త. ఎవరికి వాళ్ళు కొంచెమే పోశారు. ఉప్పుకీ ఇదే గతి, కాకపోతే ఉప్పు ఎక్కువైతే నాలుకకు తెలుస్తుంది, నూనె తెలియదు.

దీనికి మేం చేసే ఏర్పాటు ఇది. పొద్దున్నే ఆ రోజు నూనె మొత్తం ఒక గ్లాసులోకి కొలిచి పోసి, ప్యాకెట్ అటక మీద పెట్టేస్తాం. పదిహేను మందికి 150 మిల్లీలీటర్లు. మనిషికి రెండు చిన్న చెంచాలు, అంటే సుమారు 80 కేలరీలు. వేపుడుకు 60, పెసరట్లకు 40, పులిహోర తాలింపుకు 30, పులుసుకు 20. గ్లాసు ఖాళీ అయితే నూనె అయిపోయినట్టే.

పనిలో పనిగా జీడిపప్పు కూడా చూసుకోండి. పులిహోరలోకి "ఊరికే ఒక పిడికెడు" వేస్తారు. 30 గ్రాముల జీడిపప్పంటే 170 కేలరీల దాకా ఉంటాయి. అలాగే చిరుధాన్యాలు కదా అని రెండోసారి, మూడోసారి వడ్డించుకునేవాళ్ళకు ఒక మాట: వంద గ్రాముల పచ్చి కొర్రల్లో ఉండే కేలరీలు వంద గ్రాముల బియ్యంలో ఉండేవాటికి పెద్ద తేడాగా ఏమీ ఉండవు. పీచు ఎక్కువ కాబట్టి కొంచెం తింటేనే కడుపు నిండుతుంది, అదీ లాభం. రెండింతలు తింటే ఆ లాభమూ పోయింది.

సమస్య: వేపుడు నీరు కారి, జిగురొచ్చి, ముద్దయింది

ఇక్కడ నేను మూడేళ్ళు దెబ్బతిన్నాను. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదటిసారి పద్నాలుగు మందికి రెండు కేజీల బెండకాయ. ఇంట్లో ఉన్న పెద్ద మూకుడు పెట్టి, నాలుగు పెద్ద చెంచాల నూనె వేసి, ముక్కలన్నీ ఒకేసారి గుమ్మరించాను. రెండు నిమిషాల్లో జిగురు సాగడం మొదలైంది. పక్కనున్నామె "కొంచెం పోయండి వదినా, అంటుకుంటోంది" అంది. పోశాను. ఇంకో ఐదు నిమిషాలకు మళ్ళీ పోశాను. అరగంట తర్వాత ఎలాగో వేపుడు లాంటిది తయారైంది. తర్వాత ప్యాకెట్ తూచి చూస్తే 410 గ్రాములు తగ్గింది. లెక్కేస్తే మనిషికి 260 కేలరీల పైనే, కేవలం వేపుడు నూనెకే. ఒక కప్పు అన్నం కంటే ఎక్కువ.

ఆ తర్వాతిసారి కాయలు ముదురని బజారుని తిట్టుకున్నాను. మరోసారి మూకుడు మార్చాను. చివరికి బంధువుల పెళ్ళిలో వంటమాస్టారుని అడిగితే ఆయన నా వైపు కాదు, తన మూకుడు వైపు చూపించాడు. నాలుగడుగుల వెడల్పు, కింద భగభగమండే పొయ్యి, అందులో ముక్కలు ఒక వరస మాత్రమే. "రెండు కేజీలు మీ ఇంటి పొయ్యి మీద ఒకేసారి వేస్తే అది వేపుడు కాదమ్మా, ఆవిరి కూర" అన్నాడు.

కారణం అదే. బెండకాయలో నూటికి తొంభై వంతుల దాకా నీరే. రెండు కేజీలు వేగేసరికి కేజీ లోపుకి దిగుతాయి. అంటే లీటరుకు పైగా నీరు ఆ మూకుడులోంచి ఆవిరైపోవాలి. మీ పొయ్యి మీద లీటరు నీళ్ళు పెట్టి, మొత్తం ఇంకిపోయేదాకా ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. ఆ నీరు ఉన్నంతసేపూ ముక్కలు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు. ఎర్రగా వేగాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ముక్కల మీద ముక్కలు పేర్చితే కింది ముక్కల ఆవిరి పైవాటికి తగిలి, నీరై మళ్ళీ కిందికి దిగుతుంది. ఇక జిగురు సాగక ఏమవుతుంది?

ఇందులో మోసం ఎక్కడుందంటే, నూనె పోసినప్పుడు నిజంగానే బాగుపడినట్టు కనిపిస్తుంది. మెరుపు వస్తుంది, అంటుకోవడం తగ్గుతుంది. ఈలోగా అరగంట గడిచి నీరు దానంతట అదే ఇంకిపోతుంది. వేపుడు కుదిరింది ఆ అరగంట వల్ల, పేరు మాత్రం నూనెకు వస్తుంది. అందుకే ప్రతిసారీ మనకు "నూనె పోస్తేనే వేగుతుంది" అనే అనుభవమే మిగులుతుంది. నలుగురికి వండినప్పుడు ఈ గొడవ లేదు, ఎందుకంటే అరకేజీ ఆ మూకుడులో హాయిగా పరుచుకుంటుంది.

కనిపెట్టడం తేలిక. చెవితో వినండి. ముక్కలు వేయగానే చుయ్యిమంటుంది. కాసేపు ఆ చప్పుడు తగ్గి, నిమిషంలోపు మళ్ళీ పెరిగితే సరే. తగ్గి తగ్గి బుడబుడమనే ఉడుకు చప్పుడులోకి మారిందంటే ఎక్కువ వేశారు. ఇంకో గుర్తు, మూకుడు అంచున నీటి బొట్లు కనిపిస్తాయి.

అప్పటికప్పుడు సరిచేయాలంటే సగం ముక్కలు వెడల్పాటి పళ్ళెంలోకి తీసేయండి. మంట పెద్దది చేయండి. మూత వద్దు, ఉప్పు వద్దు, నూనె అసలే వద్దు. మిగిలిన సగం వేగాక తీసి, రెండో సగం వేయండి. జిగురు బాగా సాగుతుంటే రెండు చెంచాల పెరుగో కాస్త నిమ్మరసమో వేస్తే విరుగుతుంది, అది మనందరికీ తెలిసిందే. కానీ ఆ పులుపు కూడా కిక్కిరిసిన మూకుడును బాగుచేయలేదు.

ముందుగా జాగ్రత్తపడాలంటే పన్నెండంగుళాల మూకుడుకు అరకేజీ లెక్క పెట్టుకోండి. రెండు కేజీలంటే నాలుగు వాయిలు, వాయికి ఒక పెద్ద చెంచా నూనె. ఒక్కో వాయి పన్నెండు, పదిహేను నిమిషాలు. రెండు పొయ్యిల మీద పెడితే అరగంటలో అయిపోతుంది, అంటే ఒకేసారి గుమ్మరించినప్పుడు పట్టిన సమయమే. ఉప్పు, కారం, వెల్లుల్లి చివరి రెండు నిమిషాల్లో. అమెరికాలోనో మరోచోటో పెద్ద ఓవెన్ ఉన్నవాళ్ళు ట్రేలో ఒకే వరసగా పరిచి 220 డిగ్రీల సెల్సియస్ (ఫారెన్‌హీట్‌లో 425) దగ్గర పెట్టుకోవచ్చు, ఇరవై నిమిషాలకు ఒకసారి చూడండి. చోటుంది కదా అని మూడు ట్రేలు ఒకేసారి తోస్తే ఓవెన్ నిండా ఆవిరే. మళ్ళీ అదే కథ.

కడిగిన కాయలు ఆరబెట్టారా అని నేను అడగకూడదు, అయినా అడుగుతాను, ఎందుకంటే పార్టీ రోజు ఎవరో ఒకరు సాయం చేద్దామని తడికాయలే తరిగేస్తారు. గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద గంటసేపు పరిచి, ఆ తర్వాతే కత్తి పట్టుకోండి.

ఇంత కష్టపడి వేయించి, వేడి మీదే స్టీలు గిన్నెలో పెట్టి మూత బిగించేవాళ్ళున్నారు. గంట తర్వాత తీస్తే మూత కింద నీళ్ళు, లోపల ముద్ద. చుట్టాలు రావడం ఆలస్యమైతే వెడల్పాటి పళ్ళెంలో పరిచి పలుచని గుడ్డ కప్పండి. చల్లారినా ఫరవాలేదు, వడ్డించే ముందు మూకుడులో ఒక్కసారి తిప్పితే చాలు.

దొండకాయ, క్యాబేజీ, పుట్టగొడుగులు, చికెన్ వేపుడు, అన్నిటికీ ఇదే మాట. చికెన్ అయితే మరీను. రెండు కేజీలు ఒకేసారి వేస్తే అందులోంచి ఊరిన నీటిలోనే ఉడికి, పీచుగా తయారవుతుంది.

సమస్య: కొర్రల పులిహోర అడుగున జావ, పైన గింజ

మళ్ళీ చోటు గొడవే. కేజీకి పైగా కొర్రలు ఒకే కుక్కర్లో కుక్కితే కిందివి చితికిపోతాయి, పైవి పలుకుగా ఉండిపోతాయి. రెండు విడతలుగా వండండి. కనీసం రెండు గంటలు నానబెట్టండి, నానినవాటికి కప్పుకు రెండు కప్పుల నీళ్ళు మించొద్దు. ఉడకగానే పళ్ళెంలో పరిచి ఆరనివ్వండి. కొర్రలు చల్లారేకొద్దీ బియ్యం కంటే ఎక్కువ గట్టిపడతాయి. భోజనాల వేళకు గొంతు పట్టేలా ఉంటే నూనె వేసి కలపకండి. నాలుగు చెంచాల వేడినీళ్ళు చిలకరించి పది నిమిషాలు మూత పెట్టండి.

సమస్య: పెసరట్టు మొదటి ఐదూ బాగా వచ్చాయి, ఆరోది గరిటెతోపాటు లేచి వస్తోంది

పెనం వేడెక్కిపోయింది. నీళ్ళు చిలకరించి, గుడ్డతో తుడిచి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది అప్పుడు వేయండి. నూనె అట్టుకు పావు చెంచా చాలు. మొదటి అట్టే అంటుకుంటే పెనం ఇంకా కాగలేదు, లేదా ఇనప పెనాన్ని ఎవరో సబ్బుతో గట్టిగా తోమారు.

సమస్య: పెరుగు పచ్చడి వడ్డించేసరికి మజ్జిగ అయింది

ఉప్పు ముందే వేశారు. ఉడికిన సొరకాయ ముక్కలు చల్లార్చి, నీరు పిండేసి, పెరుగులో కలిపి ఉంచండి. ఉప్పు వడ్డించే ముందే. వెన్న తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగు ఎటూ పలచనే, దాన్ని అరగంట గుడ్డలో కట్టి వేలాడదీయండి.

సమస్య: అన్నీ కుదిరాయి, కానీ చప్పగా ఉన్నాయి

నూనె తగ్గించినప్పుడు తాలింపు మొదట్లోనే వేసేస్తే దాని వాసన ఉడుకులో పోతుంది. ఉన్న నూనెలో సగం దాచుకుని, చివర్లో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి పైన పోయండి. పులుసుకైతే వెంటనే మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి, వేపుడుకు మాత్రం మూత వద్దని చెప్పాను కదా. అప్పటికీ చాలకపోతే నిమ్మకాయ. ఉప్పు జోలికి ఆ తర్వాతే వెళ్ళండి.

ఇక "నూనె కంపెనీ మంచిది కాదు", "ఇండక్షన్ పొయ్యి మీద వేపుడు రాదు", "సంకర జాతి బెండకాయ" లాంటివి. ఇవి నిజమైన సందర్భాలు ఉండొచ్చేమో గానీ, నేను సరిచేసిన వేపుళ్ళలో ఒక్కదానికీ ఇవి కారణం కాలేదు. ముక్కలు సగం తీసేసి చూడండి. చుయ్యిమనే చప్పుడు మళ్ళీ వినిపిస్తే ఇండక్షన్ పొయ్యిని తిట్టాల్సిన పని లేదు. గ్యాసు పొయ్యి మీద వినిపించకపోతే గ్యాసు అయిపోవచ్చిందేమో, సిలిండర్ ఒకసారి కదిపి చూడండి.