దొరికిన వీడియో కథకు రెండో భాగం: భయం తగ్గకుండా తీయడం ఎలా?

ఎవరో తీసి వదిలేసిన వీడియో తర్వాత మరెవరికో దొరికినట్టు చూపించే సినిమాలను ఫౌండ్ ఫుటేజ్ అంటారు. ఇందులో మొదటి భాగం తీయడం పెద్ద కష్టం కాదు. జమ్మలమడుగు దగ్గర ఒక పాత మిద్దె ఇంట్లో నలుగురం కలిసి ఒకే ఫోనుతో తీసిన ఇరవై నిమిషాల చిత్రం చూసి జనం నిజంగానే జడుసుకున్నారు. చిక్కంతా రెండో భాగంతో వచ్చింది. ఈసారి దెయ్యాన్ని బాగా చూపించాలని తెల్లచీర కట్టించి, జుట్టు విరబోయించి, కెమెరా ముందు నిలబెట్టాము. మిద్దె మీద తెర కట్టి వేస్తే చిన్నపిల్లలు కూడా పగలబడి నవ్వారు. దాన్ని పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి తీశాము. కింద చెప్పేదంతా ఆ రెండో ప్రయత్నంలో పనికొచ్చిన వరస.

ముందు పాత వీడియో బయటికి తీయండి

కథ రాయడానికి కూర్చోకముందే మొదటి భాగానికి తీసిందంతా, కత్తిరించి పారేసిన ముక్కలతో సహా, శబ్దం లేకుండా చూడండి. ఎక్కడో ఒక మూల నీడ, సగం తెరిచిన తలుపు, ఎవరూ పట్టించుకోని అద్దం కనబడతాయి. రెండో భాగానికి విత్తనం అదే. కొత్త పాత్రలు ఆ పాత వీడియోను చూస్తూ ఒకచోట ఆపుతారు, పెద్దది చేసి చూస్తారు. పోయినసారి మన కళ్ల ముందే ఉండి మనం గమనించనిది అప్పుడు బయటపడుతుంది.

మాకు దొరికింది గవాక్షం. సీమ మిద్దెల్లో వెలుతురు కోసం పైకప్పుకు వదిలే రంధ్రం అది. రాత్రి షాట్లన్నిటిలో దాని మీద బండ మూసి ఉంది, ఒక్క షాట్‌లో మాత్రం పక్కకు జరిగి ఉంది. నిజానికి మూయడం మేమే మరిచిపోయాము. రెండో భాగం కథ మొత్తం ఆ మరుపులోంచే పుట్టింది.

దెయ్యాన్ని కాదు, కెమెరాను మార్చండి

ప్రేక్షకుడికి దెయ్యం సంగతి మొదటి భాగంలోనే తెలిసిపోయింది. దాని గోళ్లు ఇంకో అంగుళం పెంచినంత మాత్రాన భయం పెరగదు. తను ఏ కంటితో చూడబోతున్నాడో మాత్రం అతనికి ఇంకా తెలియదు. స్పానిష్ చిత్రం ‘రెక్’ (2007) ఒక టీవీ కెమెరామన్ చూపుతో నడుస్తుంది. 2009లో వచ్చిన రెండో భాగం అదే భవనంలో, మొదటిది ఆగిన చోటి నుంచే సాగుతుంది. అయితే ఈసారి లోపలికి వెళ్లే పోలీసుల హెల్మెట్ కెమెరాలే మన కళ్లు. అందుకు భిన్నంగా, 2000లో వచ్చిన ‘బ్లెయిర్ విచ్’ రెండో భాగాన్ని దొరికిన వీడియో పద్ధతి వదిలేసి మామూలు సినిమాలాగే తీశారు. మొదటిదాని పట్టు అందులో నాకు కనిపించలేదు.

నాకు బాగా నచ్చిన ఉపాయం 2011 నాటి ‘పారానార్మల్ యాక్టివిటీ 3’లో ఉంది. అందులో పెళ్లి వీడియోలు తీసేవాడొకడు ఫ్యాను విప్పి, అటూ ఇటూ తిరిగే దాని అడుగు భాగానికి కెమెరా బిగిస్తాడు. కెమెరా వంటింటి వైపు తిరుగుతుంది, హాలు వైపు వస్తుంది, మళ్లీ వెళ్లిపోతుంది. ఏదో జరగబోతున్న చోటి నుంచి అది నింపాదిగా తప్పుకుంటుంటే ప్రాణం గిలగిలలాడుతుంది. తొందరపెట్టి లాభం లేదు, ఫ్యాను తన వేగంతోనే తిరుగుతుంది.

ఇది ఇంట్లోనే చేయవచ్చు. పాత టేబుల్ ఫ్యాను ప్లగ్గు తీసేసి, జాలీ, రెక్కలు విప్పండి. ఫోనును మోటారు డొప్ప మీద గట్టిగా కట్టండి. ముందు తిరిగే కడ్డీకి ఏదీ తగలకూడదు. రెక్కల గాలి లేకపోతే మోటారు వేడెక్కుతుంది కాబట్టి మధ్యమధ్యలో ఆపండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు తిరగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టుకోండి. నటులు కదలడానికి దొరికే సమయం అంతే. మొదటి రెండు తిరుగుళ్లలో ఏమీ జరగనివ్వకండి. మూడోసారి కుర్చీ చోటు మారాలి. నాలుగోసారికి ఆ కుర్చీ మళ్లీ పాతచోటే ఉండాలి. మా వాళ్లు ఎక్కువగా వణికింది ఈ నాలుగోసారికే.

కెమెరా ఎందుకు వదలడం లేదు?

ఈ ప్రశ్న ప్రేక్షకుడి నోటికి వచ్చిందంటే సినిమా పోయినట్టే. కరెంటు తీసేయండి. ఫోను లైటే దిక్కయినప్పుడు దాన్ని ఎవరూ కింద పెట్టరు. అయిదు శాతానికి దిగిన బ్యాటరీ గుర్తును ఒక్కసారి చూపిస్తే చాలు.

శబ్దం, పిలుపు

నేపథ్య సంగీతం వద్దు. దొరికిన వీడియోకు వయొలిన్లు ఎవరు వాయించినట్టు? ఇంట్లో ఉన్న శబ్దాలనే వాడండి: బోరు మోటారు, సీలింగు ఫ్యాను, నాపబండల మీద దొర్లే చెంబు. ఆ రొదను రెండు మూడు నిమిషాలు అలవాటు చేసి, కరెంటు పోవడంతో అంతా ఒక్కసారిగా ఆపండి. ఆ నిశ్శబ్దంలో ఊపిరి చప్పుడు కూడా పెద్దదవుతుంది.

రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని పెద్దలు చెప్పడం వినే ఉంటారు. మా మొదటి భాగంలో పిలుపు రెండుసార్లే వినిపించింది. రెండో భాగానికి వచ్చినవాళ్లందరూ మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. సీక్వెల్‌కు ఉన్న వరం ఇదే: ఎదురుచూపు మీరు కొత్తగా పుట్టించనక్కర లేదు, ప్రేక్షకుడే ఇంటి నుంచి మోసుకొస్తాడు. మీ పనల్లా దాన్ని ఆలస్యం చేయడం, వేరే చోట తీర్చడం. మేము రెండు పిలుపుల తర్వాత చాలాసేపు ఆగాము. పక్కింటి కుక్క మొరిగింది, ఎవరో నవ్వారు, ఊపిరి పీల్చుకున్నారు. మూడో పిలుపు బయటి నుంచి రాలేదు. కెమెరా పట్టుకున్నవాడి గొంతుతో, కెమెరా పక్క నుంచే, అతని సొంత పేరే వినిపించింది.

చోటు, జాగ్రత్త

కడప జిల్లాలో భయం అనగానే అందరూ గండికోట అంటారు. పెన్న లోయ అంచు పగటిపూటే ప్రమాదం, చీకట్లో ఫోను చూస్తూ నడవడం ఆత్మహత్యతో సమానం. కోటలోని పాత కట్టడాల దగ్గర చిత్రీకరించాలంటే ముందే అనుమతి తీసుకోండి. లేదంటే పగలు బయటి నుంచి రెండు షాట్లు తీసుకుని, మిగతాది ఇంట్లో కానివ్వండి. జలాశయం ముంపుతో ఖాళీ అయిన ఊళ్లను దెయ్యాల కొంపలుగా చూపించడం నాకైతే మనస్కరించలేదు. ఆ ఇళ్లవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. తీసిన ముక్కలను నిజం వీడియో అంటూ వాట్సాప్‌లో వదలడం కూడా వద్దు. ఊరు నిద్ర పోదు, పోలీసులు మీ తలుపు తడతారు.

చివరగా పరీక్ష

ఎడిటింగ్ అయ్యాక, కథ తెలియని ఒకరిద్దరికి రాత్రి, లైటు తీసేసి చూపించండి. మీరు తెర చూడకండి, వాళ్ల కళ్లు చూడండి. బాగుందనో బాగాలేదనో వాళ్లు చెప్పే మాట కన్నా, చూపు ఫ్రేములో ఏ మూలకు పోతోందో అదే ముఖ్యం. మా పెదనాన్న సినిమా అయిపోయాక “ఇందులో ఏముందిరా” అని తేల్చేశారు. కానీ చూస్తున్నంతసేపట్లో రెండుసార్లు తెర వదిలి, తన ఇంటి గవాక్షం వైపు తలెత్తారు. ఆ రెండు చోట్లా ఒక్క కట్ కూడా మార్చలేదు.