లిచెస్ ఏపీఐతో 429 సమస్య తీరిన విధం: నా అనుభవం

మా చదరంగ మిత్రబృందంలోని 140 మంది రేటింగులను వారానికోసారి చూపించడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్, లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైట్ బహిరంగ ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం అడిగి తెచ్చుకునే మార్గం) నుంచి కొందరి వివరాలు తెచ్చాక 429 (రిక్వెస్టులు పరిమితి మించాయి) అనే జవాబుతో ఆగిపోయి, పట్టికను సగం ఖాళీగా వదిలేసేది. టోకెన్ (ఏపీఐకి మనమెవరో తెలిపే గుర్తు) మార్చడం, సర్వర్ మార్చడం, రిక్వెస్టుల మధ్య అర సెకను విరామం పెట్టడం ఏవీ ఫలించలేదు.

తప్పు నాదే. ఒక్కో ఆటగాడికి ఒక్కో రిక్వెస్టు చొప్పున, అవీ నాలుగైదు ఏకకాలంలో పంపుతున్నాను. ఒకసారికి ఒకటే పంపమని ఏపీఐ పత్రంలో స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే. ముందుగా ఆ ఏకకాల రిక్వెస్టులను తీసేశాను. తరువాత పేర్లన్నిటినీ కామాలతో కలిపి, 300 పేర్ల వరకు స్వీకరించే యూజర్ల చిరునామాకు పోస్ట్ పద్ధతిలో ఒకేసారి పంపాను. వారు ఆడిన ఆటల వివరాల కోసం మాత్రం ఒకరి తరువాత ఒకరివి అడుగుతూ, జవాబు ఏ రూపంలో కావాలో చెప్పే యాక్సెప్ట్ హెడర్‌లో ఎన్‌డీజేసన్ అనే రూపాన్ని కోరాను. అందులో ప్రతి ఆట ఒక పంక్తిగా వస్తుంది కనుక, అందినది అందినట్టే భద్రపరచగలిగాను. క్రితంసారి దించుకున్న చివరి ఆట సమయాన్ని మిల్లీసెకన్లలో ‘సిన్స్’ (ఎప్పటి నుంచి) విలువగా ఇవ్వడంతో పాత ఆటలన్నీ మళ్లీ రావడం ఆగింది. అప్పటికీ 429 ఎదురైతే, పత్రం చెప్పినట్టు, ప్రోగ్రామ్ పూర్తిగా ఒక నిమిషం ఆగుతుంది.

మూడు వారాలుగా పట్టిక నిండుగానే వస్తోంది. అయితే మాది చిన్న బృందం. వేల మంది ఉన్నచోట ఇదే సరిపోతుందని చెప్పలేను. రయట్ వంటి వీడియో గేమ్ సంస్థల ఏపీఐలకు అనుమతి కీ తప్పనిసరి, పరిమితులూ వేరు. అక్కడ నిమిషం లెక్క కాకుండా, జవాబులోని రీట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగాలి.