మన పీసీ మనమే కట్టుకుందాం – 6వ పాఠం: చూడ్డానికి బాగుండే పవర్ సప్లై

ఈ వారం పవర్ సప్లై, అంటే గోడ కరెంటుని పీసీ భాగాలకి పంచే డబ్బా, దాని వాట్ల లెక్కతో మొదలుపెడదామనుకున్నా. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక, ముందు కేబుల్స్ సంగతి తేల్చక తప్పదనిపించింది.

చిత్తూరులో ఒక తమ్ముడు పాత పవర్ సప్లై తీసేసి కొత్త తెల్లది బిగించాడు. కేబుల్స్ మాత్రం పాతవే ఉంచేశాడు. అవి అప్పటికే కేస్ వెనక చక్కగా కట్టి ఉన్నాయి, మళ్లీ విప్పడం ఎందుకని. స్విచ్ వేయగానే కాలిన వాసన. హార్డ్ డిస్క్ పోయింది, దాంతోపాటు వాళ్ల అక్క పెళ్లి ఫొటోలూ పోయాయి. "కనెక్టర్ సరిగ్గానే కూర్చుంది కదన్నా, మరెందుకు కాలింది?" అని అడిగాడు. పోయిన పాఠంలో నేను "మాడ్యులర్ అయితే కేబుల్స్ ఊడదీసి మార్చుకోవచ్చు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఏవి మార్చొచ్చో, ఏవి మార్చకూడదో రాయలేదు. అది నా తప్పే, కాబట్టి ఈసారి అది పూర్తిగా చెప్పాకే ముందుకు పోతాను.

కేబుల్‌కి రెండు చివరలు. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, డిస్క్ వైపు ఉండే చివర ఏ కంపెనీదైనా ఒకటే, ఎందుకంటే దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఉంది. పవర్ సప్లై వైపు చివరకి అలాంటిదేమీ లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5 వోల్టులు, ఏది గ్రౌండ్ అన్నది తయారుచేసేవాళ్ల ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా వేరుగా ఉండొచ్చు. ప్లాస్టిక్ ఆకారం మాత్రం ఒకేలా ఉంటుంది, చాలాసార్లు టక్కున కూర్చుంటుంది కూడా. అప్పుడు డిస్క్‌లో 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వస్తాయి, డిస్క్ బోర్డు మాడిపోతుంది. కాబట్టి కనెక్టర్ పట్టింది కదా అని నమ్మొద్దు. ఏ పవర్ సప్లై పెట్టెలో వచ్చిన కేబుల్స్ ఆ పవర్ సప్లైకే. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు "కేబుల్స్ ఏవో ఒకటి ఇస్తాంలే" అంటే, ఎంత తక్కువకిచ్చినా వదిలేసి వచ్చేయండి. మిత్రుడి దగ్గర డిస్క్‌కి కరెంటిచ్చే సాటా కేబుల్ ఒకటి మిగిలింది కదా అని తెచ్చుకోవడమూ ఇదే తప్పు. ఇంట్లో రెండు పవర్ సప్లైలు ఉంటే ఈ రోజే రెండు సంచుల్లో కేబుల్స్ వేరు చేసి, పైన మోడల్ పేరు రాసి పెట్టండి.

మరి రంగు కేబుల్స్ కావాలంటే? ఎక్స్‌టెన్షన్ కొనండి. అది పవర్ సప్లైకి తగలదు, దాని సొంత కేబుల్ చివర నుంచి మదర్‌బోర్డు దాకా మాత్రమే వెళ్తుంది, రెండు వైపులా ప్రమాణం ఉన్న కనెక్టర్లే. ఆ పొడవు అదనంగా కేస్ వెనక దాచాలి, చోటు చూసుకోండి. నేను మదర్‌బోర్డు 24 పిన్ను దానికీ, మామూలు 8 పిన్ను గ్రాఫిక్స్ దానికీ ఎక్స్‌టెన్షన్ వేస్తాను. కొత్త 16 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టర్‌కి మాత్రం వేయను. అది 600 వాట్ల దాకా మోసే చిన్న కనెక్టర్, పూర్తిగా కూర్చోకపోతే కరిగే ప్రమాదం ఉంది. అక్కడ అందం కన్నా పట్టు ముఖ్యం, మధ్యలో ఇంకో జాయింట్ నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు అలంకారం. కొనేముందు మీ కేస్ పక్క అద్దంలోంచి చూడండి, పవర్ సప్లై కనిపిస్తుందా? చాలా కేసుల్లో కింద ఒక మూత దాన్ని మొత్తం కప్పేస్తుంది. రెండు గదుల కేస్ అయితే అది మదర్‌బోర్డు వెనక్కి పోతుంది. కింద బిగించినప్పుడు ఫ్యాన్ నేల వైపు తిరిగి ఉంటుంది కాబట్టి లైట్ల ఫ్యాన్ ఉన్నది కొంటే ఆ వెలుగు చూసేది మీ టేబుల్ ఒక్కటే. మరి పైకి తిప్పుదామంటే, కొన్ని కేసుల్లో పైన మూతకి గాలి రంధ్రాలు ఉండవు. తిరుపతి మే నెలలో గదే 40 దగ్గర ఉంటుంది, ఊపిరాడని చోట దాన్ని పెట్టొద్దు.

అందుకే నా పద్ధతి: లైట్లు లేని తెల్ల పవర్ సప్లై, పైన పసుపు, కుంకుమ రంగు ఎక్స్‌టెన్షన్లు. లైట్లే కావాలంటే వైరు చూడండి, 5 వోల్టుల 3 పిన్నులదా, 12 వోల్టుల 4 పిన్నులదా అని. 5 వోల్టుల లైట్లకి 12 ఇస్తే అవి అక్కడే పోతాయి. సప్తగిరి రైలెక్కి చెన్నైలో కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లేవాళ్లు కేస్ లోపలి కొలత రాసుకుని వెళ్లండి. మామూలు ఏటీఎక్స్ (పీసీల్లో ఎక్కువగా వాడే సైజు) పవర్ సప్లై వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు, తేడా అంతా పొడవులోనే. మాడ్యులర్ కేబుల్స్ వంగడానికి ఇంకాస్త వదలాలి.

వాట్లు త్వరగా చెప్పేస్తాను. ఎన్‌విడియా 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లది, దానికి కంపెనీ చెప్పేది 550 వాట్ల పవర్ సప్లై. 4070 అయితే 200, చెప్పేది 650. పవర్ సప్లై పక్కనున్న లేబుల్ మీద 12 వోల్టుల వరసలో ఆంపియర్లు చూసి 12తో గుణించండి. 54 ఉంటే 648, అంటే 650 అని రాసుకున్నది నిజంగా గ్రాఫిక్స్‌కీ ప్రాసెసర్‌కీ అందుతుంది. ఆ సంఖ్య బాగా తక్కువ వస్తే ఎంత అందంగా ఉన్నా వద్దు.

అభ్యాసం పెద్దదే, ఆదివారం పెట్టుకోండి. ప్లగ్ తీసేసి, కేస్ తెరిచి, ప్రతి కేబుల్‌కీ రెండు చివరలా టేపు అంటించి ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి. ఫొటో తీశాక అన్నీ ఊడదీసి, ఫొటో చూడకుండా టేపు మీది రాతతోనే మళ్లీ పెట్టండి. ప్లగ్ పెట్టే ముందు ఫొటోతో సరిచూడండి. ఒక్కటి తేడా వచ్చినా మొదటి నుంచి చేయండి. పవర్ సప్లై డబ్బా మూత మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జి మిగిలి ఉంటుంది.