వేసవికి ముందే ఏసీల విద్యుత్ తనిఖీ

హైదరాబాద్‌లో పెద్ద ఏసీ వ్యవస్థతో కార్యాలయమో, ఆసుపత్రో, హోటలో నడుపుతున్నవారు ఎండలు ముదరక ముందే దానిని కేంద్ర విద్యుత్ శాఖ కింద పనిచేసే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ధ్రువపత్రం ఉన్న ఎనర్జీ ఆడిటర్ చేత తనిఖీ చేయించుకోవడం మంచిది. నిర్వహణ ఒప్పందం కింద వచ్చే మెకానిక్ ఫిల్టర్లు కడిగి, గ్యాస్ చూసి, గది చల్లబడుతోందని నిర్ధారించుకుని వెళ్తారు. ఆ చల్లదనానికి కరెంటు ఎంత ఖర్చవుతోందో కొలవడం వేరే పని.

చిల్లర్, అంటే నీటిని చల్లబరిచి భవనమంతటికీ పంపే యంత్రం, ఉన్న భవనమైతే నీటి ప్రవాహాన్నీ, లోపలికి వచ్చే నీటికీ బయటికి పోయే నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడానూ కొలిచి, ఒక్కో టన్ను శీతలీకరణకు, అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తీసివేయడానికి, ఎన్ని కిలోవాట్ల విద్యుత్తు పడుతోందో నివేదికలో రాయమని ముందే అడగండి. కొలతలు లేని నివేదికకు డబ్బు చెల్లించడం నా దృష్టిలో దండగే. చిల్లర్ వేడిని బయటి గాలిలోకి వదిలే కూలింగ్ టవర్‌కు బోరు నీరు వాడుతుంటే, ఆ నీరు పారే కండెన్సర్ గొట్టాలను తప్పనిసరిగా చూపించాలి. ఉప్పు నీటి వల్ల లోపల పేరుకునే గార వేడిని బయటికి పోనివ్వదు కనుక కంప్రెసర్ మీద భారం పెరిగి, బిల్లు కూడా పెరుగుతుంది.

కొత్త యంత్రాలు అమ్మే సంస్థ ఉచితంగా చేసే తనిఖీపై ఆధారపడవద్దు. ఆడిటర్ వచ్చేసరికి గత 12 నెలల కరెంటు బిల్లులు, చిల్లర్ లాగ్ పుస్తకం సిద్ధంగా ఉంచండి. కొలతలు మధ్యాహ్నం, భవనం నిండుగా ఉన్నప్పుడే తీయించండి.