ఒకరు వెంటపడతారు, ఒకరు తలుపేసుకుంటారు: జంటల మధ్య సమస్య - పరిష్కారం

ముందే ఒక మాట. ఇంట్లో చేయి చేసుకోవడం, బెదిరించడం, జీతం లాక్కోవడం, పుట్టింటివాళ్ళతో మాట్లాడనివ్వకపోవడం ఉంటే ఈ చిట్కాలు పనికిరావు. మహిళలైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. కింద రాసినదంతా ఒకరంటే ఒకరికి భయం లేని జంటల కోసం.

సమస్య: రిప్లై ఆలస్యమైతే గుండెదడ

నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. పది నిమిషాలకు "బిజీనా?", ఇంకో ఐదు నిమిషాలకు "సరేలే", ఆపైన మూడు మిస్డ్ కాల్స్. రాత్రి అవతలి మనిషి ఇంటికొచ్చేసరికి ఇవతలి మొహం గోడవైపు.

కారణం: పసిపిల్లలకు తల్లితో ఉండే అనుబంధం గురించి మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పినదాన్ని 1987లో మనస్తత్వ పరిశోధకులు సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ పెద్దవాళ్ళ ప్రేమకు వర్తింపజేశారు. తర్వాత పరిశోధకులు దీన్ని రెండు కొలతలుగా చూడసాగారు. ఒకటి వదిలేస్తారేమోనన్న ఆందోళన, రెండోది దగ్గరితనమంటే బెరుకు. 1998లో వచ్చిన ప్రశ్నావళిలో ఒక్కోదానికి 18 చొప్పున 36 వాక్యాలుంటాయి, 1 నుంచి 7 దాకా మార్కు వేసుకోవాలి. ఆన్‌లైన్ క్విజ్‌లు "నువ్వు ఫలానా టైపు" అని ముద్ర వేస్తాయి గానీ, ఈ రెండు కొలతలూ రేడియో వాల్యూమ్ లాంటివి. ఎదుటి మనిషిని బట్టి కూడా హెచ్చుతగ్గులవుతాయి.

పరిష్కారం: అలక బదులు పని చెప్పండి. "లేటయితే ఏడున్నరలోపు ఒక్క మెసేజ్ పెట్టు, చాలు." అవతలివాళ్ళు మెసేజ్‌ల సంఖ్య పెంచక్కర్లేదు, మాట తప్పకపోతే చాలు. "తొమ్మిదికి చేస్తా" అని తొమ్మిదీ నలభైకి చేస్తే అసలు చెప్పకపోవడమే నయం. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో ఉంటే ఎవరి గడియారం ప్రకారమో ముందే తేల్చుకోండి. నవంబరులో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పగానే తేడా పదిన్నర నుంచి పదకొండున్నర గంటలవుతుంది. ఆ వారం ఇలాంటి గొడవలకు మంచి సీజను.

సమస్య: అడిగేకొద్దీ నోరు మూసుకోవడం

ఎక్కువ కాపురాలు నలిగేది ఇక్కడే. "నీతోనే మాట్లాడేది!" అని ఒకరు. "ఇప్పుడెందుకు అవన్నీ" అంటూ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి ఇంకొకరు. గొంతు పెరిగేకొద్దీ అడుగులు దూరమవుతాయి, దూరమయ్యేకొద్దీ గొంతు పెరుగుతుంది.

కారణం: మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ క్రిస్టెన్సెన్ ఈ తంతును చాలాకాలం పరిశీలించారు. మార్పు కావాలన్నవారు వెంటపడతారు, ఉన్నది చాలనుకున్నవారు జారుకుంటారు. మౌనాన్ని లెక్కలేనితనం అనుకుంటాం గానీ, తరచూ లోపల జరిగేది వేరు. గొడవలో గుండె వేగం నిమిషానికి 100 దాటితే వినడం, ఆలోచించడం కష్టమని జంటలపై పరిశోధించిన జాన్ గాట్‌మన్ చెబుతారు.

పరిష్కారం: మణికట్టు మీద నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టండి. 25 దాటితే అక్కడితో ఆపండి. ఆపమన్నవారే తిరిగి మొదలుపెట్టే టైము చెప్పాలి: "ఎనిమిదిన్నరకు కూర్చుందాం." ఈ టైము చెప్పకపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు. "కాసేపు వదిలెయ్" అంటే ఆందోళన ఉన్న మనిషికి వదిలేసి పోతున్నట్టే వినిపిస్తుంది. విరామం కనీసం 20 నిమిషాలు, మరుసటి రోజు దాటకూడదు. ఆ సేపట్లో మనసులో వాదన నెమరేస్తుంటే నాడి దిగదు. బట్టలు మడతపెట్టండి, వీధి చివరిదాకా నడిచిరండి. తిరిగి కూర్చున్నాక ఒక్క విషయమే తీయండి. "నువ్వెప్పుడూ మీ అమ్మ మాటే వింటావు" అంటే తీసుకున్న విరామం వృథా. "సంక్రాంతి టికెట్లు నన్నడక్కుండా తీశావు. నాకు విలువ లేదనిపించింది. ఈసారి తీసేముందు అడుగు" అనండి. వినేవారు జవాబుకు ముందు ఆ మాటను తమ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పాలి. మొదట నాటకంలా ఉంటుంది, ఉండనివ్వండి.

సమస్య: గొడవల్లేవు, రుచీ లేదు

"టీమ్ లీడ్ చేశారు నన్ను."
"మంచిది. పాలు తెచ్చావా?"

షెల్లీ గేబుల్ బృందం పరిశోధనలో తేలిందిదే: శుభవార్తకు ఉత్సాహంగా స్పందించేవాళ్ళ జంటల్లో తృప్తి ఎక్కువ. ఫోన్ బోర్లా పెట్టి రెండు ప్రశ్నలడగండి: ఎవరు చెప్పారు, ఎలా అనిపించింది? "మరి పని పెరుగుతుందేమో" అన్న సలహా రేపటికి దాచుకోండి.

ఇంట్లో కుదరకపోతే

రెండు నెలలు నిజంగా ప్రయత్నించాక కూడా బాల్కనీ తలుపు మూసే ఉంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. పెద్దమనుషుల్లో పెడితే తప్పెవరిదో తేలుస్తారు, జారుకునే మనిషి ఇంకా ముడుచుకుపోతారు. అనుబంధం మీద ఆధారపడి స్యూ జాన్సన్ రూపుదిద్దిన జంటల చికిత్స సాధారణంగా 8 నుంచి 20 సిట్టింగులు పడుతుంది. ఫీజు కట్టేముందు "ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారా?" అని అడగండి. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళయినా, తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.